ఎదురింటి కుర్చీ

సర్కారు ఊరికే ఇల్లిస్తుందంటే లచ్చమ్మ నమ్మలేదు. నమ్మమని ఆమెను అడగడం కూడా అన్యాయమే. కొండాపూర్ ఫ్లైఓవర్ కింద ఏళ్ల తరబడి అట్టపెట్టెలు ఏరుకుని బతికిన మనిషి. సర్కారు నుంచి ఆమెకు ఇంతవరకూ అందింది ఒక్క బండి మాత్రమే. ఏదో పెద్ద సభ జరుగుతుందంటే చాలు, పై దేశాల పెద్దమనుషులు ఆ దారిన కార్లలో పోతారంటే చాలు, తెల్లారేసరికి ఆ బండి దిగేది. దొరికినవాళ్లను దొరికినట్టు ఎక్కించుకుని ఊరి బయట ఏదో షెడ్డులో పడేసేది. సభ అయిపోయాక మీ దారి మీరు చూసుకోండి అనేవాళ్లు. మోకాళ్లు పట్టుకుని నడిచి నడిచి వచ్చేసరికి ఇక్కడ మూటాముల్లే, గిన్నే చెంబూ, చివరికి పొయ్యిరాళ్లు కూడా మాయమయ్యేవి. రాళ్లతో వాళ్లకేం పనో దేవుడికే తెలియాలి.

ఆ బండి వచ్చే ముందు ఎప్పుడూ ఒక మనిషి వచ్చేవాడు. టీ కొట్టు దగ్గర కూర్చుని, ఎవరితోనూ పలక్కుండా, ఏ పిల్లర్ కింద ఎందరున్నారో చూసుకుని పోయేవాడు. మర్నాడు బండి. అందుకే ఫుట్‌పాత్ మీద పుట్టిన పసిబిడ్డకు కూడా తెలిసిన నీతి ఒకటుంది. అరిచేవాణ్ణి నమ్మవచ్చు, తన్నేవాణ్ణి కూడా ఒకరోజు కాకపోతే ఒకరోజు నమ్మవచ్చు, మాట్లాడకుండా చూస్తూ కూర్చునేవాణ్ణి మాత్రం నమ్మకూడదు. లచ్చమ్మ ఈ నీతిని బాగా ఒంటబట్టించుకుంది.

సర్వేవాళ్ల జీపు ఫ్లైఓవర్ కింద ఆగిన రోజున ఆమె చేసిన మొదటి పని గొంతు చించుకోవడం. "బండొచ్చిందే మల్లమ్మా! ఉరుకు!"

మల్లమ్మ ఉరికింది. మల్లమ్మ లచ్చమ్మకు చుట్టమూ కాదు, ఒక ఊరిదీ కాదు. ఒకే పిల్లర్ కింద చేరి, ఒకే పొయ్యి మీద వండుకున్న తోడు, అంతే. రాత్రిళ్లు ఒకరు పడుకుంటే ఒకరు పారా కాసేవారు. ఆడవాళ్లు ఫుట్‌పాత్ మీద బతకాలంటే అది తప్పదు. ఒంటరిగా నిద్రపోయిన ఆడది తెల్లారి ఏం పోగొట్టుకుని లేస్తుందో చెప్పలేం. అటువంటి మల్లమ్మ, లచ్చమ్మ కేక విని, చీర ఎగదోపుకుని కొత్తగూడ సందుల్లోకి మాయమైంది. మోకాళ్ల నొప్పుల లచ్చమ్మ లేవబోయి కూలబడి, జీపువాళ్లకు దొరికిపోయింది.

జీపులోంచి దిగింది సంయుక్త అనే ఆఫీసరమ్మ. కాకినాడ వైపు పిల్ల, ముప్పై దాటి ఉండవు. కుక్క అడ్డం వచ్చినా 'తప్పుకోండి' అనే రకం.

"భయపడకండమ్మా, తీసుకెళ్లడానికి రాలేదు. ఇల్లు లేనివాళ్లకి శాశ్వతంగా ఇల్లివ్వడానికి లెక్కలు రాస్తున్నామండి. మీరొక్కరేనా?"

"ఒక్కదాన్నే," అంది లచ్చమ్మ. బండి ఎక్కితే తానొక్కతే ఎక్కాలి, మల్లమ్మను ఎందుకు ఇరికించాలి? ఎంత ప్రేమతో అబద్ధమాడిందో చూడండి. కదల్లేక కూర్చున్న మనిషికి ఇల్లు రాసిపెట్టారు, పరుగెత్తిన మనిషి పేరు ఎక్కలేదు. తర్వాత వెళ్లి అడిగితే, మళ్లీ సర్వే జరిగినప్పుడు చూద్దామన్నారు. అది ఎప్పుడో వాళ్లకూ తెలియదు.

ఇల్లు కూడా ఎక్కడో పాడుబడ్డ చోట కాదు. కంపెనీల అద్దాల మేడల వెనకాలే, ఏవో తగాదాలతో ఏళ్లుగా సగంలో ఆగిపోయిన కట్టడాన్ని సర్కారు పూర్తి చేయించి, మనిషికొక గది చొప్పున ఇచ్చింది. గదిలోనే ఓ మూల వంటగట్టు, పక్కన స్నానాలగది. దాంతో లచ్చమ్మ అనుమానం తగ్గలేదు సరికదా, రెట్టింపైంది.

"గజం జాగ కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునే చోటే ఇది," అంది మల్లమ్మతో. "గీడ మనకిల్లెందుకిస్తరే? ఏదో ఉన్నది. కిడ్నీలన్న కోస్తరు, లేకుంటే కోర్టు కేసు తెగేదాక మనల్ని కావలి పెట్టి తర్వాత ఎల్లగొడతరు."

"నీ కిడ్నీలు ఎవనికి పనికొస్తయే ముసల్దానా," అంది మల్లమ్మ. "తాళంచెవి ఇస్తుంటే తీస్కో. ఫికర్ జెయ్యకు."

తీసుకుంది. తీసుకున్న రోజున తలుపు గడియ వేసి, స్నానాలగది గడియ కూడా వేసి, నల్లా కింద కూర్చుంది. ఫుట్‌పాత్ మీద స్నానమంటే చీకటి విడవకముందే, ఫ్లెక్సీ గుడ్డ చాటున, చీర కట్టుకునే, చెంబెడు నీళ్లతో. పోయే ప్రతి కారు లైటూ ఒంటి మీదే పడేది. ఇన్నేళ్ల తర్వాత ఎవరూ చూడకుండా ఒంటి మీద నీళ్లు పోసుకుంటుంటే లచ్చమ్మకు ఏడుపు ఆగలేదు. నీళ్లు వృథా అవుతున్నాయని తెలిసి కూడా నల్లా కట్టలేదు. ఆ క్షణాన ఆ ఇంటి మీద ఆమెకు ఆశ పుట్టింది. ఆశ పుట్టాక భయం రెట్టింపు కాకుండా ఉంటుందా?

సంయుక్త షరతులు చెప్పింది. వీధిలో బోర్డు మీద పెద్ద అక్షరాల్లో 'శాశ్వత నివాసం' అని రాశారు కానీ, షరతులు బోర్డు మీద రాయలేదు. ఏడాది పాటు చూస్తారు. పేరు రాసిన మనిషే ఉండాలి. సొంత రక్తసంబంధీకులు వచ్చి పోవచ్చు. బయటివాళ్లను ఉంచుకున్నా, ఇంటిని వేరేవాళ్లు వాడుకున్నా అక్కడికక్కడే తాళం వెనక్కి. ఇల్లిచ్చారు సరే, ఆ ఇంటితో పాటు అనుమానాన్ని కూడా ఉచితంగా పంచిపెట్టారు.

గదిలో ఒక్కతే పడుకుంటే లచ్చమ్మకు కంటి మీద కునుకు రాలేదు. పారా కాసే మనిషి లేకుండా ఎలా పడుకోవాలో ఆమెకు తెలియదు. గడియ వేసే ఉంది కదా అంటే, ఆ గడియను బిగించింది సర్కారోళ్లే కదా అనేది. నాలుగు రోజులకే కళ్లు లోపలికి పోయాయి. చివరికి ఒక సాయంత్రం అట్టపెట్టెల గోనె నెత్తిన పెట్టించి, మోత మోసే కూలిమనిషిలా మల్లమ్మను పైకి తీసుకొచ్చింది. ఆ రాత్రి ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు నిద్రపోయారు. తెల్లవారుతుండగానే మల్లమ్మ దిగి వెళ్లిపోయింది. ఇక రోజూ అదే తంతు.

అప్పుడు కళ్లబడింది ఎదురింటి కుర్చీ.

ఎదురు గది లింగమూర్తిది. ఒకప్పుడు ఇక్కడి మేడలకే సెంట్రింగ్ పని చేసి, పరంజా మీంచి పడి చెయ్యి చచ్చుబడ్డాక బస్టాపుల్లో బతికిన మనిషని చెప్పుకునేవారు. చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి, తన గుమ్మం ముందు వేసుకుని, మెట్లకేసి చూస్తూ కూర్చుంటాడు. మాట లేదు, పలుకు లేదు. ఎవరు వచ్చినా చూస్తాడు, ఎవరు పోయినా చూస్తాడు. గది నిండా గాలీ వెలుతురూ పెట్టుకుని బయట కూర్చునే మనిషిని ఏమనుకోవాలి?

"సర్కారోళ్ల మనిషే," అని తేల్చేసింది లచ్చమ్మ.

ఆ మాటకు తగ్గట్టే ఒకరోజు లింగమూర్తి నోరు విప్పాడు. "అక్కా, నీ గుమ్మం ముంగట రెండు జతల చెప్పులుంటున్నయి. లోపల వెట్టుకో." అంతే అన్నాడు. మళ్లీ మెట్లకేసి తిరిగాడు.

లచ్చమ్మ లోపలికొచ్చి మల్లమ్మ చెవిలో చెప్పింది. "చూసిన్నని చెప్తున్నడే. బెదిరిస్తున్నడు."

"బెదిరిచ్చెటోడు చెప్పులు దాసుకోమంటడానే? మన మంచికే చెప్పిండేమో. ఆయనగూడ మన లెక్క రోడ్డు మీద బతికినోడే గదా. ఒక్కసారి మాట్లాడి చూడరాదు?"

"మాట్లాడితే మన మాటలన్నీ మోసుకపోతడు."

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన. ఆ రోజు నుంచి లింగమూర్తి దగ్గినా లచ్చమ్మకు అర్థాలే కనిపించాయి. ఆపైన ఇంకో వింత చూసింది. పొద్దెక్కాక అట్టపెట్టెలకు పోతుంటే మెట్ల మీద ఎవరో ఒక ఆడమనిషి ఎదురయ్యేది. ముసుగు కప్పుకుని, చంకలో సంచి. ఒకరోజు ఒకామె, ఇంకోరోజు ఇంకొకామె. వయసు పిల్లలు కూడా. నేరుగా లింగమూర్తి గదిలోకి పోయేవాళ్లు, తలుపు మూసుకునేది. ఆయన బయట కుర్చీలో దర్జాగా కూర్చునేవాడు. కాసేపటికి వాళ్లు గబగబా దిగిపోయేవాళ్లు. లచ్చమ్మ చెంపలు వేసుకుంది. ఛీ, ఈ వయసులో ఇదేం వ్యాపారం! సర్కారు మనిషి కాబట్టే వీడికి ఇంత ధైర్యం అనుకుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు, నిజమే. కానీ పొగ వచ్చిన ప్రతిచోటా కొంప తగలబడుతోందని ఎవరన్నారు? అన్నం కూడా ఉడుకుతూ ఉండవచ్చు. లచ్చమ్మకు అంత ఓపిక ఎక్కడిది.

సంయుక్త ఒక మధ్యాహ్నం వచ్చింది. లచ్చమ్మ తలుపు సందులోంచి చూసింది. లింగమూర్తి కుర్చీలోంచి లేచి నిలబడి, బాగున్న చేత్తో లచ్చమ్మ తలుపునే చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. రోజుకు రెండు మాటలు మాట్లాడని మనిషి అంతసేపు మాట్లాడాడు! సంయుక్త తలూపుతూ తన ఫోనులో ఏదో కొట్టుకుంది. ఒక్క మాటైనా వినపడలేదు కానీ లచ్చమ్మకు అన్నీ అర్థమైపోయాయి. వినపడనప్పుడే మనిషికి ఎక్కువ అర్థమవుతుంది.

సంయుక్త ఆమె తలుపు కూడా తట్టి, "వచ్చే వారం మా పెద్దసారు ఇళ్లన్నీ చూడ్డానికొస్తారండి. అన్నీ సరిగ్గా ఉంచుకోండమ్మా," అని నవ్వి వెళ్లబోయింది.

ఆ నవ్వులో లచ్చమ్మకు బండి కనిపించింది. అయిపోయింది, ఇల్లు పోయింది, మళ్లీ ఫ్లెక్సీ చాటు స్నానమే. వాడు నా మీద చెప్పాడు, నేను వాడి మీద చెప్పకపోతే నా అంత తెలివితక్కువది ఇంకొకతె ఉండదు అనుకుంది. ఒక దొంగ మాట ఇంకో దొంగ మీద చెల్లదు కదా!

"మేడం, జర ఆగు," అంటూ మెట్ల దాకా వెంటబడింది. లింగమూర్తి నీళ్లు తాగడానికి లోపలికి పోయిన సమయం. "నేను చెప్పిన్నని చెప్పకున్రి. ఎదురింటాయన సంగతి మంచిగ లేదు. పొద్దెక్కినంక ఆడోళ్లు వస్తరు, పోతరు. లోపల తలుపేసుకుంటరు. ఏం జరుగుతున్నదో మీరే చూడున్రి."

సంయుక్త ముఖంలో నవ్వు మాయమైంది. "లింగమూర్తిగారా? నిజమేనా అండీ?"

"నా కండ్లతోని చూసిన."

చూసిన మాట నిజమే. అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే ఆమెకు ధైర్యం.

పెద్దసారు వచ్చే వారం దాకా ఆగలేదు. రెండో రోజునే, పొద్దెక్కాక, చెప్పాపెట్టకుండా సంయుక్తను వెంటేసుకుని మెట్లెక్కాడు. లచ్చమ్మ తన గుమ్మంలో నిలబడి చూస్తోంది. లోలోపల కొంచెం సంబరంగా కూడా ఉంది, దాచడమెందుకు.

లింగమూర్తి కుర్చీలోంచి లేచి, గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. "జర ఆగున్రి సార్. లోపల ఆడమనిషి ఉన్నది. తానం జేస్తున్నది."

"ఎవరావిడ? నీకేమవుతుంది?"

"ఏం గాదు సార్."

తలుపు తెరుచుకుంది. ఇరవై ఏళ్ల పిల్ల, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, విడిచిన బట్టల సంచి గుండెలకు అదుముకుని బయటికొచ్చింది. ఆఫీసర్లను చూడగానే దాని పెదాలు తెల్లబడ్డాయి. మెట్ల కింది మలుపులో ఇంకొకామె సబ్బుపెట్టె పట్టుకుని, తన వంతు కోసం నిలబడి ఉంది.

"మాకు జాగ లేదు సార్," అంది ఆ పిల్ల. "అయ్యప్ప సొసైటీ రోడ్డు మీద ఉంటం. సర్వేల మా పేర్లు రాలే. గీడ తానం జేసి పోతం. తాత బయట కూసుంటడు, ఎవల్ని రానియ్యడు. ఆయనను ఏమనకున్రి సార్."

లచ్చమ్మ గుమ్మం పట్టుకుంది. స్నానం! ఇరవై రకాల పాపాలు ఊహించిన బుర్రకు స్నానం తట్టలేదు. ఫ్లెక్సీ చాటున అన్నేళ్లు తడిచీరతో వణికిన మనిషికి తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది? ఆమెకు సిగ్గేసింది. ఆ పిల్ల ముఖం చూడలేక తల దించుకుంది.

"ఒక్కనికి ఇంత ఇల్లెందుకు సార్," అన్నాడు లింగమూర్తి. "నల్లా ఉన్నది, తలుపున్నది. వాడుకుంటే ఏం పోతది?"

పెద్దసారు చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే తిట్టి పోయేవాడు, ఇల్లు మిగిలేది. ఈయన నిబంధన తెలిసిన మనిషి. "ఇది నివాసానికిచ్చింది. బయటివాళ్ల వాడకానికి కాదు. ఒక్కరికి ఊరుకుంటే రేపు అందరూ అదే చేస్తారు," అని తాళంచెవి అడిగాడు. సంయుక్త ఏదో చెప్పబోయింది. ఆయన వినలేదు.

లింగమూర్తి వాదించలేదు. సామాను సర్దడానికి ఎంతోసేపు పట్టలేదు, ఉంటే కదా. మూట భుజాన వేసుకుని లచ్చమ్మ ముందు ఆగాడు. ఆమె తిట్లకు సిద్ధపడింది. ఆయన గొంతు తగ్గించి, "ఇగ మల్లమ్మను జర చూసుకొని రమ్మను అక్కా. ఇన్ని రోజులంటే నేను మెట్ల కాడ ఉంటిని," అన్నాడు. దిగి వెళ్లిపోయాడు.

మల్లమ్మ పేరు కూడా తెలుసన్నమాట.

పెద్దసారు కిందికి దిగాక సంయుక్త ఆమె దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మీ పేరు ఎక్కడా చెప్పలేదండి, భయపడకండి. మీరు చూసింది మీరు చెప్పారు. నేనే ముందు వచ్చి ఆయన్ని అడగాల్సింది." కాస్త ఆగి, "అన్నట్టు, ఆయన చెల్లెలు మీ ఇంటికి వస్తుంటారు కదండీ, ఆవిడకి ఎవరు చెబుతారో," అంది.

"ఎవల చెల్లె?"

"మల్లమ్మగారండి. మీ ఇంట్లో రెండో మనిషి ఉంటోందని కింద ఎవరో ఫిర్యాదు చేశారు. మొన్న అడిగితే లింగమూర్తిగారే చెప్పారు, ఆవిడ నా సొంత చెల్లెలు మేడం, నన్ను చూడ్డానికొస్తుంది, ఒంటరి మగాణ్ణి కాబట్టి లచ్చమ్మక్క దగ్గర పడుకుంటుంది అని. సొంత చెల్లెలైతే రావచ్చని నేనూ రాసేశాను. ఇప్పుడాయనే లేరు కాబట్టి ఆవిడ ఇటు రాకూడదండి. వస్తే మీ ఇంటికే ముప్పు."

అదీ ఆ మధ్యాహ్నం చెయ్యి చూపించి చెప్పిన సంగతి! లచ్చమ్మ నోరు తెరిచింది. ఆయనకు చెల్లెలే లేదు మేడం, మల్లమ్మ నా తోడు, నేనే తెచ్చుకున్నా, ఆయన నన్ను కాపాడాడు అని చెప్పాలి. చెబితే తన తాళంచెవి కూడా ఇప్పుడే, ఇక్కడే పోతుంది. చెప్పకపోతే ఉంటుంది. ఆమె కళ్లు తనకు తెలియకుండానే స్నానాలగది వైపు పోయాయి.

"మంచిది మేడం," అంది. దొంగకు తేలు కుట్టినట్టు తలుపు మూసుకుని లోపల కూర్చుంది.

సాయంత్రం మల్లమ్మ వచ్చింది. గోనె దించకుండానే మొదలుపెట్టింది. "లింగమూర్తన్నను ఎల్లగొట్టిన్రటనే! ఆయన ఇంట్ల ఆడపిల్లలు తానాలు జేస్తుండ్రట, గంతే! రోడ్డు మీద అందరు గదే ముచ్చట. గా పిల్లలు ఏడుస్తున్నరు. ఎవడు చెప్పిండో గని, వాని నోట్లె మన్ను వడ!"

లచ్చమ్మ కంచంలో అన్నం పెడుతోంది. గరిటె ఆగింది. "వడ్డదే," అంది.

"ఏంది?"

"మన్ను. నా నోట్లెనే వడ్డది." ఇక ఆపలేకపోయింది. మెట్ల మీద తాను చెప్పింది, సంయుక్త ఇప్పుడు చెప్పింది, తాను చెప్పకుండా మింగింది, అన్నీ వరసగా చెప్పేసింది. చెబుతూ ఏడ్చింది. "ఇల్లు పోతదని భయమైందే మల్లమ్మా. ఇల్లు పోతే నువ్వెక్కడ, నేనెక్కడ?"

మల్లమ్మ కంచం పక్కకు జరిపింది. లేచి గోనె నెత్తినెత్తుకుంది.

"పొద్దుగూకింది. ఒక్కదానివి ఏడికి వోతవే?" అంది లచ్చమ్మ. " కూసో. రేపు మేడంకు నేనే చెప్తా, అంతా చెప్తా."

మల్లమ్మ గుమ్మంలో ఆగి, ఎదురుగా సీలు వేసిన తలుపు చూసింది. తర్వాత లచ్చమ్మను చూసింది. ఆమె అలా చూడటం లచ్చమ్మ ఎప్పుడూ ఎరగదు.

"అన్న మీద చెప్పినవు. ఇల్లు పోతదంటే రేపు నా మీద చెప్పవని ఏం నమ్మకమే?"

లచ్చమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేయబోయింది. వినడానికి మల్లమ్మ ఆగలేదు.